పడవల్ని ఆపారు సరే, ఓర్కాల ఆకలి సంగతేంటి?

2018లో అమెరికా, కెనడా సరిహద్దు సముద్రంలో తాలెక్వా అనే తల్లి ఓర్కా చనిపోయిన బిడ్డను 17 రోజులు మోసుకు తిరిగింది. 2025 జనవరిలోనూ చనిపోయిన మరో బిడ్డను మోసుకు తిరిగింది. లోకమంతా అయ్యో అంది. కానీ జాలితో కడుపు నిండదు కదా!

సియాటిల్ వైపు తిరిగే ఈ 'సదరన్ రెసిడెంట్' ఓర్కాలు ఇప్పుడు సుమారు 75 మాత్రమే. 1960, 70లలో అక్వేరియంల కోసం పిల్లల్ని పట్టుకుపోయారు. 2005లో అమెరికా వీటిని అంతరించిపోయే ప్రమాదమున్న జాబితాలో చేర్చింది. అయినా సంఖ్య పెరగలేదు. వీటి ప్రధాన ఆహారం చినూక్ సాల్మన్ చేప. అదే తగ్గిపోయింది. పైగా ఓడల మోత, ఒంట్లో పేరుకునే పీసీబీ విషం.

2025 నుంచి వాషింగ్టన్ రాష్ట్రంలో పడవలు వీటికి 1000 గజాల దూరం పాటించాలి. ధ్వనిని బట్టే వేటాడే జీవికి ఇది మేలే. మరి చేపే లేకపోతే?

స్నేక్ నది కింది భాగంలోని నాలుగు డ్యాములు సాల్మన్‌కు పెద్ద అడ్డంకి. చేపల్ని కాపాడేందుకు 2023లో బైడెన్ ప్రభుత్వం ఆదివాసీ తెగలతో చేసుకున్న ఒప్పందాన్ని 2025 జూన్‌లో ట్రంప్ రద్దు చేశారు. కరెంటు, రవాణా అవసరాలూ నిజమే. కానీ నదిని వదిలేసి సముద్రంలో ఎంత కాపలా కాసినా సగం పనే.