పారిస్‌కు ఒక కెమెరా, ఒక లెన్స్

రేంజ్‌ఫైండర్ కెమెరాలో కంటికి కనబడేది లెన్స్ గుండా వచ్చిన దృశ్యం కాదు. కెమెరా పైఅంచున ఉన్న చిన్న కిటికీలోంచి కన్ను నేరుగా వీధిని చూస్తుంది. కొన్ని సెంటీమీటర్ల అవతల ఇంకో బుల్లి కిటికీ ఉంటుంది. అందులోంచి వచ్చిన బొమ్మ లోపలి అద్దాల మీదుగా మళ్లి, మొదటి దృశ్యం నడిమధ్య వెలుగు గడిలా పడుతుంది. ఫోకస్ కుదరనంతసేపూ ఆ గడిలో మనిషి రెండుగా కనబడతాడు. లెన్స్ మీది రింగు తిప్పుతూ పోతే రెండు బొమ్మలూ దగ్గరికి జరిగి ఒకటవుతాయి. అప్పుడు ఫోకస్ కుదిరినట్టు.

ఎస్‌ఎల్‌ఆర్‌లో లాగా పైకి లేచే అద్దం దీనికి అక్కర్లేదు. అందుకే ఒళ్లు పలచన, చప్పుడు తక్కువ, అదురు తక్కువ. సెకనులో 15వ వంతు వేగంలోనూ స్టాండు లేకుండా తీయగలిగేవారు చాలామంది ఉన్నారు. పైగా ఫొటోలో పడే మేరను చూపే ఫ్రేమ్ గీతల బయట ఎవరు నడిచి వస్తున్నారో కూడా కనబడుతుంది. వీధి ఫొటోకు ఇంతకు మించిన సదుపాయం లేదు. ఇబ్బందులూ ఉన్నాయి. లెన్స్ మూత తీయడం మరిచిపోయినా దృశ్యం చక్కగానే కనబడుతుంది. చాలా లెన్స్‌లు 70 సెంటీమీటర్ల కన్నా దగ్గరి వస్తువుకు ఫోకస్ కావు. బల్ల మీది కాఫీ కప్పును నిండుగా తీయాలనుకునేవారు వేరే కెమెరా చూసుకోవడం మంచిది.

జర్మనీలోని వెట్జ్‌లార్‌లో ఆస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా 1925లో లీప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో జనం ముందుకొచ్చింది. లెన్స్‌తో ముడిపడిన రేంజ్‌ఫైండర్ 1932లో, లైకా 2తో వచ్చింది. 1954 నాటి ఎం3తో మొదలైన లెన్స్ బిగింపు ఇప్పటికీ మారలేదు. ఆనాటి లెన్స్ 2022లో వచ్చిన 60 మెగాపిక్సెల్ డిజిటల్ ఎం11కు కూడా పడుతుంది.

పారిస్ పాత ఫొటోలన్నీ ఈ కెమెరాతో తీసినవేనన్న అపోహ ఒకటుంది. రాత్రి పారిస్‌ను చూపించిన బ్రసాయ్ వాడింది స్టాండు మీద నిలబెట్టే ప్లేట్ల కెమెరా. 1950లో సిటీ హాలు ముందు ముద్దు పెట్టుకునే జంటను దువానో తీసింది రోలీఫ్లెక్స్‌తో. లైకాను ఆ వీధుల్లో తిప్పినవారు ఆంద్రే కెర్తేజ్, ఆ తరువాత హెన్రీ కార్టియే బ్రెసోఁ.

కెమెరా ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది వ్యూఫైండర్. అందులో దృశ్యం ఎంత పెద్దదిగా కనబడుతుంది, ఏ లెన్స్‌లకు గీతలున్నాయి అన్న రెండు సంగతులే మిగతావన్నీ నిర్ణయిస్తాయి. ఎం3లో దృశ్యం 0.91 రెట్లు, అంటే దాదాపు అసలు సైజులో కనబడుతుంది. ఫోకస్‌కు అది చాలా మేలు. కానీ అందులో 50, 90, 135 మి.మీ. గీతలే తప్ప 35కు లేవు. లైకా ఎం6లో మామూలుగా ఉండే 0.72 ఫైండర్‌లో 28 నుంచి 135 దాకా ఉంటాయి. అయితే కళ్లద్దాలవారికి 28 గీతల అంచులు ఒక్క చూపులో అందవు.

తరువాతి సంగతి బ్యాటరీ. ఎం6లో అది లైట్‌మీటరుకే. అయిపోయినా షట్టర్ అన్ని వేగాల్లోనూ పనిచేస్తుంది. ఎం7లో బ్యాటరీ పోతే 60వ వంతు, 125వ వంతు రెండే మిగులుతాయి. చవకలో కావాలంటే 40 మి.మీ. లెన్స్ బిగించే వచ్చే కేనన్ కేనొనెట్ క్యూఎల్17 మంచిదే. దాని మీటరుకు కావలసిన పాదరసం బ్యాటరీ ఇప్పుడు అమ్మకంలో లేదు కాబట్టి బదులు ఏర్పాటు చేసుకోవాలి. రష్యన్ జోర్కీ4 ఇంకా చవక. షట్టర్ ఎక్కించకముందే వేగం మార్చితే లోపలి యంత్రం దెబ్బతింటుందన్న ఒక్క విషయం మరవకూడదు.

పాత కెమెరా ఏదైనా రేంజ్‌ఫైండర్ గతి తప్పి ఉండొచ్చు. కొనేముందే పరీక్షించాలి. లెన్స్‌ను అనంత దూరానికి తిప్పి, కిలోమీటరు అవతలి సెల్ టవర్ వైపు చూడాలి. గడిలోని టవర్, బయటి టవర్ కచ్చితంగా ఒక్క గీతగా కలవాలి. పక్కకు జరిగి ఉంటే దూరపు ఫోకస్ తప్పుతుంది. ఒకదాని మీద ఒకటి ఎత్తు తేడాతో నిలిస్తే ఫోకస్ తప్పకపోయినా కలిసిందీ లేనిదీ తెలియదు. రెండూ మెకానిక్ సరిచేయగలిగినవే. బయలుదేరే ముందు ఒక రీలు తీసి, కడిగించి చూసుకోవడం తప్పనిసరి.

ఇక లెన్స్. పారిస్‌కు 35 మి.మీ. ఒక్కటి చాలు. మారే పేటలోని ఇరుకు సందుల్లో 50తో వెనక్కి జరిగే చోటుండదు. 90 గీతలు ఫైండర్ మధ్యలో తపాలా బిళ్లంత కనబడతాయి, కదిలే మనిషిని అందులో పట్టడం కష్టం. 21 మి.మీ.కి కెమెరా నెత్తిన వేరే ఫైండర్ బిగించాలి. ఎఫ్ 1.4 లెన్స్‌ల మీద మోజు సహజమే గానీ, అవి లావుగా ఉండి ఫైండర్ కింది కుడిమూలను మూసేస్తాయి. ఎఫ్ 2 గానీ, వోయిక్ట్‌లాండర్ కలర్ స్కోపార్ లాంటి ఎఫ్ 2.5 గానీ కోటు జేబులో పడుతుంది. దాన్నే రోజంతా మోయగలరు.

వెలుతురు దగ్గర తెలుగువారి కన్ను పొరబడే అవకాశం ఉంది. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంటే పారిస్ 49కి దగ్గర. డిసెంబరులో అక్కడ ఎనిమిదిన్నర దాటాక తెల్లవారుతుంది, ఐదు కాకముందే పొద్దుగుంకుతుంది. జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుగే. ఐఎస్ఓ 400 ఫిల్మ్‌తో నిండు ఎండలో ఎఫ్ 16, 500వ వంతు సరిపోతుంది. మబ్బు కమ్మితే అదే వేగానికి ఎఫ్ 5.6 దాకా తెరవాలి. చలికాలపు సాయంత్రం గాజు కప్పుల కింది పాత అంగళ్ల వీధుల్లో, అంటే పసాజ్ దే పనొరమా, గాలరీ వివియెన్ లాంటి చోట్ల, ఎఫ్ 2, 30వ వంతు దగ్గర మొదలుపెట్టాలి.

ఎండ ఉన్న వీధిలో అసలు ఫోకస్ చేయనక్కర్లేని పద్ధతి ఒకటుంది. 35 మి.మీ. లెన్స్‌ను ఎఫ్ 8లో పెట్టి, దూరం 3 మీటర్ల గుర్తు మీద ఉంచితే సుమారు 1.9 నుంచి 7 మీటర్ల దాకా స్పష్టంగా పడుతుంది. ఎదురయ్యే మనిషి ఆ హద్దులోకి రాగానే కెమెరా ఎత్తి నొక్కడమే. చిన్న లెన్స్‌లు చాలావాటికి రింగు కింద వేలికి అమరే కొక్కెం ఉంటుంది. అది ఏ వైపుంటే ఎంత దూరమో వేలికి అలవాటైతే కెమెరా కంటికి చేరేలోపే ఫోకస్ సిద్ధంగా ఉంటుంది.

కంచె సందులోంచి తీసేటప్పుడు ఫైండర్‌ను నమ్మకూడదు. కంటికి దారి తెరిచే ఉంటుంది, లెన్స్ ముందు ఊచ ఉంటుంది. 1932లో సాఁ లజార్ స్టేషన్ వెనక నీటి మీద దూకే మనిషిని కార్టియే బ్రెసోఁ చెక్కల కంచె సందులోంచి తీశాడు. ఆ సందు లెన్స్‌కు పూర్తిగా చాలలేదు. ఫ్రేమ్ కత్తిరించడం ఇష్టంలేని ఆయన ఆ ఫొటోలో ఎడమ పక్కను కత్తిరించక తప్పలేదు.

మనుషులను తీసేవారు ఫ్రాన్స్ చట్టం తెలుసుకోవాలి. అక్కడి సివిల్ కోడ్ 9వ అధికరణం వ్యక్తిగత జీవితానికి రక్షణ ఇస్తుంది. గుర్తుపట్టేలా ఉన్న ముఖాన్ని అనుమతి లేకుండా ప్రచురిస్తే తగవు రావచ్చు. ఎవరైనా వద్దని చెయ్యి ఊపితే కెమెరా దించేయడమే మర్యాద. ఐఫిల్ టవర్ రాత్రి దీపాలంకరణ ఫొటోను వ్యాపారానికి వాడాలంటే ముందుగా అనుమతి కావాలి.

ఫిల్మ్ వాడేవారికి అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త విమానాశ్రయంలో. రీళ్లను ఎన్నడూ చెకిన్ సామానులో వేయకూడదు. చేతిసంచులకు కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు ఒక్కసారికే ఫిల్మ్‌ను పొగమంచు పట్టినట్టు చేయగలవు. రీళ్లను అట్టపెట్టెల్లోంచి తీసి, పారదర్శకమైన సంచిలో పెట్టి, వరుసలో నిలబడగానే చేత్తో తనిఖీ చేయమని అడగాలి. ఒప్పుకోవాలన్న నియమం అన్నిచోట్లా లేదు, కాబట్టి తొందర లేని వేళ చేరుకోవాలి. పాత కెమెరాల అంగళ్లున్న బొమార్షే బులెవార్డు పరిసరాల్లోనే రీళ్లు కొని, తీసినవాటిని పారిస్ ల్యాబ్‌లోనే కడిగిస్తే స్కానర్ బెడదే ఉండదు. కడిగిన నెగటివ్‌లను ఎక్స్‌రే ఏమీ చేయదు.