దసరాకి గాడి రుద్దించకండి

మహానవమికి ఇంకా మూడు వారాలుంది. మనవాళ్ళ వాట్సాప్ గుంపులో మాత్రం అప్పుడే మొదలయింది. ఆయుధపూజకి ముందు కారు ఎక్కడ పాలిష్ చేయించాలి, ఎవరు తక్కువకి చేస్తారు అని. చిన్నాయన తన కొత్త కారుకి రోజు కూడా ఖాయం చేసేసినాడు. ఆ కారు కొని పదకొండు నెలలయింది, అంతే.

ఇది చదివి కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి. నేను చదివింది కన్నడ మీడియం, తెలుగు అక్షరాలు అవ్వ దగ్గర నేర్చుకున్నవి. మాట మొరటుగా పడితే భాష తప్పు అనుకోండి. విషయం మాత్రం సరిగానే ఉంది: ఏటా దసరాకి కారును మిషన్ పెట్టి రుద్దించడం పూజ కాదు, కారు తోలు ఒలవడం.

"తాత చేసేవాడు కదా" అంటారు. అవును, చేసేవాడు. తాత చింతామణిలో తెల్ల అంబాసిడర్ ట్యాక్సీ తోలేవాడని ఈ బ్లాగు చదివేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. పండగకి ముందురోజు రబ్బింగ్ కాంపౌండ్ డబ్బా తీసి, తన పాత పంచె ముక్క తడిపి, టాపు నుంచి కిందికి రుద్దుకుంటూ వచ్చేవాడు. గుడ్డ పాలలో ముంచినట్టు తెల్లగా అయ్యేది. నేను బకెట్టు పట్టుకుని నిలబడేవాణ్ణి. "చూడరా, చచ్చిన రంగు ఎట్లా పోతా ఉందో" అనేవాడు.

ఆయన చెప్పింది నిజం. ఆ కాలపు కార్లకి రంగే పై పొర, దాని మీద ఇంకేమీ ఉండదు. ఎండకి పైన ఉన్న రంగు సున్నంలా పొడిపొడి అవుతుంది. దాన్ని రుద్ది తీసేస్తే కింద బతికున్న రంగు బయటపడుతుంది. మనం మరిచిపోయిన రెండో సంగతి ఒకటుంది, మొన్న అవ్వను అడిగితే చెప్పింది. నాలుగైదేళ్ళకొకసారి తాత ఆ కారుకి మొత్తం కొత్త రంగు కొట్టించేవాడు. రుద్దిన కొద్దీ పలచబడుతుందని ఆయనకి తెలుసు. మనం రుద్దడం మాత్రం గుర్తుపెట్టుకుని, రంగు కొట్టించింది మరిచిపోయినాం.

ఇప్పటి కార్ల లెక్క వేరు. రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్. మెరిసేది అదే, ఎండని ఆపేదీ అదే. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు. మనిషి వెంట్రుక దాదాపు 70. అంటే వెంట్రుక కంటే పలచని పొర మీద మనం ఏటా మిషన్ తిప్పిస్తున్నాం. గట్టిగా రుద్దిన ప్రతిసారీ కొన్ని మైక్రాన్లు పోతాయి, మళ్ళీ రావు. అంచుల దగ్గర, మడతల దగ్గర ఇంకా తొందరగా పోతుంది. పైగా గుడ్డకి రంగు అంటదు కాబట్టి ఏమీ పోలేదనుకుంటాం.

నాయన ఎర్ర కారు మీకు గుర్తుండే ఉంటుంది. ఆరు దసరాలు, ఆరుసార్లు మిషన్. చేసిన షాపు పేరు ఎందుకు, అన్ని ఊళ్ళలోనూ అదే కథ. మొదటి మూడేళ్ళు అద్దంలా ఉండింది. నాలుగో ఏడు టాపు మీద మసక వచ్చింది. "తక్కువ రుద్దినారు, ఈసారి బాగా రుద్దమను" అన్నాడు నాయన. బాగానే రుద్దినారు. ఆరో ఏటికి బానెట్టు మీద తెల్ల మచ్చలు, టాపు మీద పొట్టు లేస్తా ఉంది, ఎండలో కాలిన వీపులాగా. ఇక మళ్ళీ రంగు కొట్టించడం తప్ప దారి లేదు, ఆ ఖర్చు విని నాయన మాట్లాడకుండా ఇంటికి వచ్చేసినాడు. ఇప్పుడు దానికి ఎప్పుడూ కవరు కప్పే ఉంచుతాడు. తాత కారును తాత చూసుకున్నంత బాగా తను చూసుకోలేదని ఆయన బాధ. నాకు కోపం వచ్చేది అక్కడే. చెప్పినట్టు చేసినవాడు తప్పు తనదే అనుకుంటున్నాడు.

అసలు గొడవంతా ఒక్క మాటలో ఉంది. మనం రెండు పనులకీ 'పాలిష్' అంటాం. పాలిష్ అంటే గీతలు పోయేదాకా పై పొరని అరగదీయడం. వ్యాక్స్ అంటే ఉన్న పొర మీద ఇంకో పలచని పొర వేయడం. ఒకటి తీసేది, ఇంకొకటి పెట్టేది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని, రెండు వేరే పనులకి ఒకే పేరు పెడితే ఎన్ని తప్పులు పుడతాయో రోజూ చూస్తా ఉంటాను. షాపులో ఈసారి అడగండి: "తీస్తారా, పెడతారా?" జవాబు సరిగా రాకపోతే కారు వెనక్కి తిప్పండి.

వ్యాక్స్ ఇంట్లోనే చేయొచ్చు. మంచిది కార్నోబా, బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనం. మాత్రల మీదా, పిల్లల మిఠాయిల మీదా మెరుపుకి వేసేది కూడా ఇదే. డబ్బా కొన్ని వందల్లో వస్తుంది, ఒక కారుకి చాలా రోజులు వస్తుంది.

కష్టం వ్యాక్స్‌లో లేదు, కడగడంలో ఉంది. మన గీతల్లో సగం పొద్దున్నే పొడిగుడ్డతో దుమ్ము దులపడం వల్ల వచ్చేవే. ఆ దుమ్ములో ఇసుక ఉంటుంది. ఎండలో బానెట్టు మీద సాలెగూడులా గుండ్రంగా కనపడేవి అవే. అపార్ట్‌మెంట్లో తుడిచే అబ్బాయిని తిట్టకండి, ఒక్క బకెట్టు నీళ్ళతో ఇరవై కార్లు తుడవమంటే ఇంకేం చేస్తాడు? ముందు నీళ్ళు పోసి మట్టి జారనివ్వాలి. రెండు బకెట్లు ఉండాలి, ఒకటి కారు షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి. బట్టల సబ్బు, గిన్నెల సబ్బు వద్దు, ఉన్న వ్యాక్స్‌ని ఊడ్చేస్తాయి. ట్యాక్సీవాళ్ళ కిరోసిన్ గుడ్డ కూడా అంతే. మన కోలారు పక్క బోరునీళ్ళలో ఉప్పు ఎక్కువ, చుక్కలు ఆరితే తెల్ల మచ్చలవుతాయి. ఆరనివ్వకుండా మైక్రోఫైబర్ గుడ్డతో అద్దేయాలి.

తర్వాత చేతికి పలచని ప్లాస్టిక్ కవరు తొడిగి బానెట్టు మీద నిమిరి చూడండి. గరగరలాడితే క్లే అని ఒక మెత్తటి ముద్ద దొరుకుతుంది, షాంపూ నీళ్ళతో తడిపి దానితో మెల్లగా తీయాలి. ఆ తర్వాతే వ్యాక్స్. నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు, ఉందా లేదా అన్నంత పలచగా. నల్ల ప్లాస్టిక్‌కి తగిలితే తెల్లగా పట్టుకుంటుంది, జాగ్రత్త. మసక కట్టినాక తుడిచేయాలి. మొదట ఒక మూల చిన్న చోటు మీద చేసి చూడండి, ఇది నా ఉద్యోగం నేర్పిన బుద్ధి. రెండు నెలలకి నీళ్ళు ముత్యాల్లా నిలబడకపోతే మళ్ళీ వేయండి. లోతు గీతలు దీంతో పోవు. పోనక్కర్లేదు కూడా.

"ఇంజనీరు అయ్యి గాడి తుడుస్తావా, మానం పోతాది" అని మామ అన్నాడు. తాత తుడిచినప్పుడు ఎవరి మానమూ పోలేదే? ఆ ఫోటోని ఫ్రేము కట్టి గోడకి తగిలించింది మనమే కదా.

పూజ మానమని నేను అనడంలేదు. నిమ్మకాయలు తొక్కించండి, బూడిద గుమ్మడి పగలగొట్టండి, చామంతి దండ వేయండి. పసుపు కుంకుమ మాత్రం నెంబర్ ప్లేటుకి పెట్టి, సాయంత్రానికి కడిగేయండి.

చిన్నాయనా, నీ షాపు బుకింగ్ వద్దని చెప్పు. శ్రీనివాసపురం తోటలో ఆ కారును మామిడిచెట్టు కింద నిలపడం కూడా మానేయి, పూత కాలంలో తేనెమంచు పురుగు కార్చే జిగురు ఎండకి అట్టకడుతుంది. ఆదివారం ఏడింటికి వస్తా. రెండు బకెట్లు తీసి పెట్టు, నాయనను కూడా పిలుచుకొస్తా.