కంప్యూటరు జ్ఞాపకశక్తి: వేగమా? నిలకడా?

మన కళాశాలకు ఒక శక్తిమంతమైన డెస్క్‌టాప్ కంప్యూటరు కొనాలని కమిటీవారు తలపెట్టడం ముదావహం. ఈ వార్షిక సంచికను ఉర్దూ, తెలుగు లిపులు రెండింటిలో కూర్చడానికీ, శిథిలమవుతున్న పాత సంచికలను స్కాను చేసి భద్రపరచడానికీ, బి.ఎస్సీ. విద్యార్థుల ప్రయోగాలకూ అది అక్కరకు రాగలదు. అయితే ఆ యంత్రంలో ఎటువంటి మెమరీ ఉండాలన్న విషయమై అభిప్రాయభేదాలు పొడసూపాయి. విద్యార్థి మిత్రులు మార్కెట్టులో అత్యంత వేగవంతమైన, రంగురంగుల దీపాలు వెలిగే ర్యామ్ కావాలంటున్నారు. కమిటీలోని పెద్దలు కొందరు, ఎవరు తక్కువ ధరకు కొటేషన్ ఇస్తే వారిదే తీసుకుందామంటున్నారు. ఈ రెండు పక్షాలతోనూ నేను ఏకీభవించలేకపోతున్నాను. ఛందస్సు చెప్పుకునే తెలుగు అధ్యాపకునికి ర్యామ్‌తో ఏం పని అని కొందరు నవ్వుకోవచ్చు. ఆ పని ఎలా పడిందో ముందు మనవి చేస్తాను.

రెండేళ్ల కిందట మేము కొందరం కలిసి పాత వార్షిక సంచికలను స్కాను చేయడం మొదలుపెట్టాం. యంత్రం నెమ్మదిగా ఉన్నదని, ఒక దుకాణంలో అదనంగా మరో స్టిక్కు వేయించాం. ముందున్నది ఒక తయారీ, కొత్తది మరొక తయారీ, వేగాలు కూడా వేరు. దుకాణంలో ఆన్ చేసి చూపించారు, చక్కగా వెలిగింది, సంతోషించాం. ఆ తరువాత అప్పుడప్పుడూ తెర నీలంగా మారి యంత్రం ఆగిపోయేది. కరెంటు ఒడుదొడుకులనుకున్నాం. వేసవి సెలవుల్లో ఫైళ్లన్నింటినీ ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించి, చోటు కోసం అసలు ఫైళ్లు తీసివేశాం. జూన్‌లో తెరిచి చూస్తే కొన్ని పుటలు సగం వరకే కనబడి, మిగతా సగం బూడిదరంగు చారలుగా ఉన్నాయి. ఒక పూర్వ విద్యార్థి వచ్చి రాత్రంతా మెమరీ పరీక్ష నడిపిస్తే, తెల్లవారేసరికి తెర మీద ఎర్రని గీతలు బారులు తీరి ఉన్నాయి. దోషం హార్డ్ డిస్కుది కాదు, కరెంటుది కాదు, ఆ స్టిక్కులది. పోయిన పుటలను మళ్లీ స్కాను చేద్దామంటే, చెదలు పట్టిన ఒక సంచిక మొదటిసారి విప్పినప్పుడే పొడిపొడి అయిపోయింది. అందులో ఒక విద్యార్థిని రాసిన గజల్ ఉండేది. దాని మొదటి రెండు షేర్లు మాత్రమే ఇప్పుడు మిగిలాయి.

మెమరీ చెడిపోతే యంత్రం ఆగిపోతుందని మనం అనుకుంటాం. ఆగిపోతే అదృష్టమే. ఆగకుండా, తప్పును ఒప్పుగా రాసుకుంటూ పోవడమే అసలు ప్రమాదం.

ఈనాటి ర్యామ్‌కు మూలమైన ఆలోచన 1966లో ఐబీఎం సంస్థలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్‌ది. 1968లో ఆయనకు పేటెంటు లభించింది. ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు కలిస్తే ఒక బిట్టు. కెపాసిటరులో విద్యుదావేశం ఉంటే 1, లేకుంటే 0. ఆ ఆవేశం చిల్లుకుండలోని నీటివలె నిరంతరం కారిపోతూ ఉంటుంది కాబట్టి, కుండ ఖాళీ కాకముందే మళ్లీ నింపుతూ ఉండాలి. డీడీఆర్-4 రకంలో ప్రతి వరుసనూ 64 మిల్లీసెకన్లలోగా, డీడీఆర్-5లో 32 మిల్లీసెకన్లలోగా నింపాలన్నది నియమం. చిప్ వేడి 85 డిగ్రీలు దాటితే కారడం ఎక్కువవుతుంది కనుక ఆ గడువును సగానికి తగ్గించాలి. మే నెలలో మిర్యాలగూడ ఎండ 45 డిగ్రీల దాకా పోవడం మనకు కొత్త కాదు. ఏసీ లేని గదిలో, గాలి ఆడని డబ్బాలో, అధిక వేగంతో నడిచే స్టిక్కు పరిస్థితి ఏమిటో ఊహించవచ్చు. చల్లని దేశాల సమీక్షకులు ఇచ్చిన నక్షత్రాలను చూసి మనం కొనడంలో ఉన్న చిక్కు ఇదే.

ఒక్క బిట్టు మారితే ఏమవుతుందని అడిగేవారికి మన అక్షరాలతోనే చెబుతాను. యూనికోడ్‌లో తెలుగు వర్ణాలకు ఇచ్చిన సంఖ్యలను పరిశీలిస్తే ఒక విచిత్రం కనబడుతుంది. చ-ఛ, జ-ఝ, త-థ, ద-ధ, ప-ఫ, బ-భ జంటలు ఒక్కొక్కటీ ఒకే ఒక బిట్టు తేడాతో ఉన్నాయి. ఆ బిట్టు బోర్లా పడితే ‘చవి’ కాస్తా ‘ఛవి’ అవుతుంది, ‘దార’ ‘ధార’ అవుతుంది. రుచి కాంతిగా మారుతుంది, భార్య ప్రవాహమవుతుంది. ప్రూఫులు దిద్దేవాడు అది కంపోజిటర్ పొరపాటని దిద్దుకుంటాడు, లేదా గమనించకుండానే వదిలేస్తాడు. ఉర్దూ చదివినవారికి ఇది మరీ సులభంగా బోధపడుతుంది. ఒక్క చుక్క పైనుంచి కిందికి దిగితే ‘ఖుదా’ ‘జుదా’ అయిపోతుంది గదా! అంకెల సంగతి ఇంకా ఘోరం. అక్షర రూపంలో దాచిన 3కూ 7కూ తేడా ఒక్క బిట్టే. బొటాబొటిగా 35 మార్కులతో గట్టెక్కిన విద్యార్థికి 75 పడవచ్చు, 75 వచ్చిన విద్యార్థి 35కు దిగిపోవచ్చు. స్కాలర్‌షిప్పు జాబితాలు తయారుచేసే యంత్రం విషయంలో ఇది వినోదం కాదు.

ఇది కేవలం ఊహ కాదు. 2003లో బెల్జియం దేశంలోని స్కార్బేక్ పట్టణంలో జరిగిన ఎన్నికలలో ఒక అభ్యర్థికి రావలసినవాటికన్నా 4096 ఓట్లు ఎక్కువ వచ్చాయి. పట్టుబడ్డది ఎలాగంటే, సాధ్యమయ్యే సంఖ్యను మించి ఆ ఓట్లు ఉండటం వల్ల. 4096 అంటే రెండును పన్నెండు మార్లు హెచ్చవేసిన సంఖ్య. అంటే పదమూడో స్థానంలోని బిట్టు ఒక్కటి తనంతట తాను మారిందన్నది నిపుణులు తేల్చిన వివరణ. గూగుల్ సంస్థ యంత్రాలపై జరిపి 2009లో ప్రకటించిన అధ్యయనంలో, ఏడాదిలో 8 శాతానికి పైగా మెమరీ స్టిక్కులు కనీసం ఒక్క తప్పయినా చేసినట్టు తేలింది. వంద మందిలో ఎనిమిది మంది గుమాస్తాలు లెక్క తప్పుతారని తెలిస్తే ఏ యజమానీ సరిచూసేవాడిని పెట్టకుండా ఉండడు.

ఆ సరిచూసేవాడే ఈసీసీ మెమరీ. 1950లో రిచర్డ్ హామింగ్ అనే గణితవేత్త ఈ దారి చూపించాడు. సమాచారంతోపాటు కొన్ని అదనపు బిట్లను కూడా దాచి, వాటి పొందికనుబట్టి ఒక తప్పును దిద్దుకోవడం, రెండు తప్పులుంటే గుర్తించి హెచ్చరించడం దీని పద్ధతి. చాలాకాలంగా ఉన్న అమరికలో 64 బిట్లకు 8 అదనం. మన పద్యకవులకు ఇది అపరిచితమైన విద్య కాదు. యతి, ప్రాస, గణాలు పద్యానికి అలంకారం మాత్రమే అనుకుంటాం గాని, తాళపత్రంలో ఒక అక్షరం చెదిరినప్పుడు పరిష్కర్తకు తప్పు పట్టిచ్చేవి అవే, ఒక్కోసారి పోయిన అక్షరాన్ని తిరిగి ఇచ్చేవీ అవే. వచనంలో పోయిన అక్షరానికి ఆ రక్షణ లేదు. మామూలు ర్యామ్ వచనం వంటిది, ఈసీసీ ర్యామ్ పద్యం వంటిది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. డీడీఆర్-5 స్టిక్కులన్నిటిలోనూ ఈసీసీ ఉంటుందని దుకాణాలలో చెబుతున్నారు. అది అర్ధసత్యం. చిప్ లోపల జరిగే తప్పులను మాత్రమే ఆ ఏర్పాటు దిద్దుతుంది. చిప్ నుంచి ప్రాసెసరు దాకా ప్రయాణంలో చెడినదాన్ని అది చూడదు, తప్పు జరిగినట్టు మనకు చెప్పదు. పూర్తి ఈసీసీ కావాలంటే స్టిక్కు, బోర్డు, ప్రాసెసరు మూడూ దానిని అంగీకరించాలి. ఏఎండీవారి రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటితో, తగిన బోర్డు ఉంటే, ఇది సాధ్యం. ఇంటెల్ పక్షంలో 12వ తరం నుంచి డబ్ల్యూ680 చిప్‌సెట్ బోర్డు చూసుకోవాలి. సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ స్టిక్కులు చౌకగా దొరికాయని తెస్తే ఈ బోర్డులలో అవి పనిచేయవు.

ఇక వేగం. అట్ట మీద 6000 అని ఉంటే అది 4800 కన్నా వేగమన్నది నిజమే గాని, సగం నిజం. అడిగిన సమాచారం మొదటి అక్షరం చేతికందడానికి ఎంత ఆలస్యమన్నది మరో లెక్క. సీఎల్ అనే అంకెను 2000తో హెచ్చవేసి, వేగంతో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. డీడీఆర్-4లో 3200 వేగం, సీఎల్ 16 ఉన్న స్టిక్కుకు 10 నానోసెకన్లు. డీడీఆర్-5లో 6000 వేగం, సీఎల్ 30 ఉన్నదానికీ అదే 10. 5600 వేగం, సీఎల్ 46 ఉన్నదానికి 16 దాటుతుంది. కనుక అంకె పెద్దదైనంత మాత్రాన మురిసిపోనక్కరలేదు. పైగా ఆ 6000 అన్నది ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో అనే ఏర్పాట్లను మనం ఆన్ చేస్తేనే వచ్చే వేగం. అది స్టిక్కు తయారీదారు ఇచ్చే హామీయే గాని, మన ప్రాసెసరుకు దాని తయారీదారు నిర్ణయించిన హద్దును దాటి ఉండవచ్చు. మన ఊళ్లో రైసుమిల్లు నడిపే ఆసామికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. రబ్బరు రోళ్ల వేగం, బిగువు పెంచి గంటకు ఎక్కువ బస్తాలు ఆడించవచ్చు. కాని చివరకు జల్లెడలో నూక ఎంత పడిందన్నదే ఆయన చూసుకుంటాడు.

ఖాళీలు నాలుగున్నాయి గదా అని నాలుగు స్టిక్కులూ నింపడం మరొక మోజు. రైజెన్ 7000 వరుసకు ఏఎండీ ప్రకటించిన హద్దు రెండు స్టిక్కులకు 5200, నాలుగు పెడితే 3600 మాత్రమే. కనుక ఒకే పెట్టెలో జంటగా వచ్చిన రెండు స్టిక్కులు చాలు. తరువాత చాలకపోతే వాటిని తీసి పెద్ద జంట వేసుకోవాలే తప్ప, పక్కన మరొకటి గుచ్చకూడదు. ఈ పాఠానికి మేము చెల్లించిన రుసుము పైన రాశాను.

ఎంత పరిమాణం? ఒక ఎ4 పుటను 600 చుక్కల స్పష్టతతో రంగుల్లో స్కాను చేస్తే విప్పిన రూపంలో సుమారు 104 మెగాబైట్లు అవుతుంది. మూడువందల పుటల సంచిక మొత్తం ఒకేసారి తెరిచితే 31 గిగాబైట్లు. అలా ఎవరూ తెరవరు గాని, విద్యార్థుల ప్రయోగాలను కూడా దృష్టిలో పెట్టుకుంటే 32 గిగాబైట్ల స్టిక్కులు రెండు ఉండటం మంచిది. డబ్బు చాలకపోతే 16 గిగాబైట్లవి రెండు.

డబ్బు చాలకపోవడం ఇప్పుడు నిజమైన సమస్యే. కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ మూలంగా 2025 చివరి నెలల్లో మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి. హైదరాబాదులోనూ కేంద్రం ఉన్న మైక్రాన్ సంస్థ, సామాన్యులు కొనే తన ‘క్రూషియల్’ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఈ స్థితిలో ఈసీసీ అంటే దండగ ఖర్చు కాదా అని కమిటీలో ఒక పెద్దమనిషి అడిగారు. ఆటలు ఆడుకునే యంత్రానికి దండగే, ఒప్పుకుంటాను. నా ఇంట్లో కంప్యూటరుకు నేనూ మామూలు ర్యామే వేసుకున్నాను. కాని మార్కులు, ఫీజులు, మరో ప్రతి లేని పుటలు దాచే యంత్రానికి ఖర్చు తగ్గించదలిస్తే పరిమాణం తగ్గించండి, వేగం తగ్గించండి, దీపాలు పూర్తిగా తీసివేయండి. సరిచూసేవాడిని మాత్రం తీసివేయవద్దు.

కొటేషన్‌లో ఒక షరతు రాయించవలసిందిగా కమిటీవారికి నా విజ్ఞప్తి. యంత్రం మన గదిలోకి వచ్చాక, డబ్బు చెల్లించక ముందు, మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత ప్రోగ్రాముతో కనీసం ఒక రాత్రంతా పరీక్షించాలి. ఒక్క ఎర్ర గీత వచ్చినా రెండు స్టిక్కులూ మార్చి ఇవ్వాలి. వీలయితే ఆ పరీక్ష మే నెలలో, పగటిపూట, ఫ్యాను మాత్రమే ఉన్న మా స్టాఫ్ రూములోనే జరగాలి. రాత్రంతా కూర్చోవడానికి బి.ఎస్సీ. రెండో సంవత్సరం విద్యార్థులు ఇద్దరు ఇప్పటికే పేర్లిచ్చారు. పగటి కాపలా నాది.