మూడో పిన్ను

సావనీరులో ఎర్తింగు మీద వ్యాసమేమిటని మిత్రులు నవ్వవచ్చు. నవ్వినా ఫరవాలేదు. ప్రేమ మీద, విప్లవం మీద రాసేవాళ్ళకు మన కాలేజీలో కొదవ లేదు. ప్లగ్గుకు మూడో పిన్ను ఎందుకుంటుందని అడిగేవాళ్ళే తక్కువ. నేను కోరేది ఒక్కటే. నీళ్ళూ, కరెంటూ, రోగి నెత్తురూ ఒకే చోట కలిసే యంత్రం డయాలిసిస్ మిషను. అది ఉన్న ప్రతి గదిలో ఎర్తును పరీక్షించాలి, పరీక్షించిన తేదీని గోడ మీద అందరికీ కనబడేట్టు రాయాలి.

మేడ్చల్, శామీర్‌పేట వైపు రైతుబిడ్డలకు ఎర్తు సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. మా దిక్కు ఒకప్పుడు ద్రాక్షతోటలకు పెద్ద పేరు. ద్రాక్ష పందిరి అంటే ఇనుప తీగల వల. ఏదో ఒక మూల సర్వీసు వైరు తోలు ఊడి ఆ తీగకు తాకిందంటే తోట తోటంతా కరెంటే. వానాకాలంలో స్టార్టర్ డబ్బా ముట్టబోతే "కాళ్ళకు చెప్పులున్నయారా?" అని నాయిన ఇప్పటికీ గట్టు మీది నుంచి అరుస్తడు. ఎర్తు గుంతలో బొగ్గు, ఉప్పు పోసి నీళ్ళు కొట్టడం మా ఇండ్లలో చిన్నపిల్లల పని. మాది మొరం నేల, కింద రాయి. ఎండాకాలం గుంత ఎండిందంటే ఎర్తు పేరుకే ఉంటుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చినప్పుడు రాత్రిపూట మోటారు వేయబోయే తిప్పలు చాలా తగ్గాయి. ఎర్తును మాత్రం ఎవరూ ఉచితంగా ఇవ్వలేదు, ఎవరి గుంత వాళ్ళే తవ్వుకోవాలి.

ఇంత తెలిసినవాళ్ళమే ఆసుపత్రి గడప తొక్కగానే చేతులు కట్టుకుని నిలబడతాం. మా చిన్నాయినకు రెండు కిడ్నీలు పాడయ్యి వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు డయాలిసిస్ చేయించుకుంటున్నడు. తోడు పోయేది నేనే. ఆ సెంటరు పేరు ఇక్కడ అనవసరం. ఒకనాడు మంచం కింద చూస్తే మిషను ప్లగ్గు ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉంది. మూడో పిన్ను బొక్కలో చక్కగా దూరింది గానీ, ఆ బోర్డు నుంచి గోడకు పోయే వైరులో ఉన్నవి రెండే తీగలు! టెక్నీషియన్ని అడిగితే, "నడుస్తుంది గద తమ్మీ" అన్నాడు. నడుస్తది. ఎర్తు లేకున్నా మిషను నడుస్తది. దాంతో వచ్చిన చిక్కే అది.

ఇందులోని శాస్త్రం మన డిగ్రీ చదువుకు మించింది కాదు. డయాలిసిస్ ద్రవం నిమిషానికి సుమారు 500 మిల్లీలీటర్లు పారుతుంది. నాలుగు గంటలకు లెక్కవేస్తే 120 లీటర్లు. అన్ని నీళ్ళను ఒంటి వేడికి తేవడానికి లోపల హీటరు ఉంటుంది. ఆ ద్రవం ఉప్పునీరు, విద్యుత్ వాహకం. దాని వాహకతను కొలిచే కదా పాళ్ళు సరిగ్గా కలిశాయో లేదో మిషను తెలుసుకునేది! ఫిల్టరులోని పొర నెత్తురును ఆపుతుంది కానీ అయాన్లను ఆపదు. కనుక హీటరు తాకే నీటికీ, రోగి నెత్తురుకూ విద్యుత్ పరంగా దారి తెరిచే ఉంది. చేతికి ఫిస్టులా ఇంకా తయారుకాని రోగికి మెడ నరంలో గొట్టం వేస్తారు. దాని కొస గుండె కుడి గది దాపుకు పోతుంది. పొడి చర్మం మనకు దేవుడిచ్చిన ఇన్సులేషన్. ఆ గొట్టం దాన్ని దాటేసి పోయింది.

బయటి నుంచి చేతికి తగిలితే 1 మిల్లీ ఆంపియరు జివ్వుమంటుంది, అంతే. నేరుగా గుండె కండరానికి చేరితే అందులో పదో వంతు, 100 మైక్రో ఆంపియర్లు, గుండె లయ తప్పించడానికి చాలు. అందుకే గుండెకు నేరుగా తగిలే పరికరాల నుంచి రోగికి మామూలు స్థితిలో 10 మైక్రో ఆంపియర్లకు మించి కారగూడదని అంతర్జాతీయ ప్రమాణం. ఇప్పుడు ఓమ్ సూత్రం వేయండి. మిషను బాడీకి 500 మైక్రో ఆంపియర్లు కారుతున్నాయనుకుందాం. ఎర్తు తీగ నిరోధం 0.1 ఓము, రోగి శరీరం 1000 ఓములు. కారినదంతా ఎర్తులోకే పోతుంది, రోగి వాటా 0.05 మైక్రో ఆంపియరు. తీగ తెగితే? మొత్తం 500 రోగి మీదుగానే దారి వెతుక్కుంటుంది. మిషనులో ఏ లైటూ వెలగదు, ఏ గంటా మోగదు.

"ట్రిప్ అయ్యే స్విచ్చు పెట్టాం కదా" అని కొందరంటారు. మంచిదే, ప్రతి బోరు దగ్గరా ఉండాల్సిందే. కానీ మామూలుగా దొరికేది 30 మిల్లీ ఆంపియర్లకు పడుతుంది. గుండెకు ప్రమాదమైన దానికి అది 300 రెట్లు. రైతును కాపాడే స్విచ్చు ఈ రోగిని కాపాడలేదు.

ఇవన్నీ కాగితం మీది భయాలని కొట్టిపారేసేవాళ్ళకు ఒక మాట. 1971లో అమెరికాలో రాల్ఫ్ నాడర్ అనే వినియోగదారుల న్యాయవాది, ఆసుపత్రుల్లో ఏటా కనీసం 1200 మంది ఇలాంటి షాకులతో చనిపోతున్నారని రాసి పెద్ద దుమారం లేపాడు. ఆ లెక్క ఎన్నడూ రుజువు కాలేదు. అతిశయోక్తే అని నేనూ అనుకుంటాను. అయితే రుజువు ఎట్లా అవుతుంది? ఈ షాకు ఒంటి మీద మచ్చ పెట్టదు. డయాలిసిస్ రోగి గుండె ఆగితే పొటాషియం పెరిగిందంటారు, చాలాసార్లు అది నిజం కూడా. ప్రాణం పోయాక కారణం తేలని చోట ముందే కొలిచి చూసుకోవడం తప్ప వేరే దారి ఏముంది?

నాకు కడుపు మండేది ఇంకొకటి. శామీర్‌పేట మండలంలోనే జీనోమ్ వ్యాలీ ఉంది. కోవాక్సిన్ టీకా తుర్కపల్లి నుంచి వచ్చింది. అంత శాస్త్రం మా పొలాల గట్ల పక్కనే ఉంది. మిషను తయారయ్యే చోట ప్రతి ఒక్కదాన్నీ పరీక్షించే పంపుతారు. కానీ గోడలో ఎర్తు ఉంటుందన్న నమ్మకం మీదే ఆ పరీక్ష నిలబడింది. ఆ గోడ పని మాత్రం పాయింటుకు ఇంత అని మాట్లాడుకున్న కాంట్రాక్టరుది, పైసలు మిగిలేది మట్టిలో కనపడని గుంత దగ్గరే. 2016లో ప్రకటించిన జాతీయ డయాలిసిస్ పథకం వల్ల బీదవాళ్ళకు మిషన్లు దగ్గరయ్యాయి, సంతోషం. మిషనుతో పాటు మూడో తీగ కూడా లెక్కలోకి రావాలి. మంచం, మిషను, నీళ్ళ ప్లాంటు అన్నిటినీ ఒకే ఎర్తు పట్టీకి కలపాలి, జనరేటరు మీద నడిచేటప్పుడు కూడా అది తెగగూడదు.

ఇది అడగడానికి రోగికి నోరు రాదు. మూడు రోజులకోసారి ఆ మంచమే దిక్కయినవాడు టెక్నీషియనుతో తగవు పెట్టుకుంటడా? అడగాల్సింది మనం. అడిగే ముందు మన ఇల్లు చక్కబెట్టుకోవాలి గనుక యూనియనుకు నాదొక ప్రతిపాదన: ఈ ఏటి సాంస్కృతిక నిధిలో కొంత తీసి ఎర్తు కొలిచే మీటరు ఒకటి కొందాం. ఫిజిక్సు లెక్చరర్ల సాయంతో మన ల్యాబుల్లోని సాకెట్లు, హాస్టలు వాటర్ హీటర్లు వరుసగా చూసి, తేదీ రాసి అంటిద్దాం. రెండు మధ్యాహ్నాలు చాలు. ప్రాక్టికల్సు అయ్యాక వచ్చేవాళ్ళు పేర్లు ఇవ్వండి.