బాతు కోసం వచ్చి మన పిల్లాడి కాలికి

అమెరికాలోని మిషిగన్‌లో, నోవై, కాంటన్, ట్రాయ్‌లలో ఉండే మనవాళ్ళకి ఎండాకాలం వచ్చిందంటే శనివారం ఇంట్లో కాలు నిలవదండీ. పులిహోర, పెరుగన్నం, పిల్లల ఈత ట్యూబులు కారులో పడేసుకుని ఏదో ఒక లేకు దగ్గర తేలతారు. మిషిగన్‌లో 11,000కు పైగా సరస్సులుంటే వెళ్ళకుండా ఎలా ఉంటారు! ఆదివారం పొద్దున లేచి చూస్తే పిల్లాడి పిక్కల నిండా ఎర్రటి పొక్కులు. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ దోమలు కుట్టాయంటుంది, పక్కింటావిడ నీళ్ళు పడలేదంటుంది, నాన్నగారేమో లేకు మురికిదని తేల్చేస్తారు. ముగ్గురిదీ తప్పే!

దీన్ని అక్కడ స్విమ్మర్స్ ఇచ్ అంటారు. అడుగున గులకరాళ్ళు కనిపించేంత తేట నీళ్ళలోనూ వస్తుంది. ఉత్తర మిషిగన్‌లోని డగ్లస్ లేకు దగ్గర పనిచేసిన విలియం కోర్ట్ అనే శాస్త్రవేత్త, ఈ దురదకి కారణం నత్తల్లోంచి వచ్చే పురుగులేనని 1928లో బయటపెట్టాడు.

అసలు కథ బాతులది. బాతు రక్తనాళాల్లో ఉండే పురుగు గుడ్లు దాని రెట్టతో నీళ్ళలో పడతాయి. గుడ్లలోంచి పిల్లపురుగులు బయటికొచ్చి నత్తలో దూరి, అక్కడ వేలల్లో పెరుగుతాయి. ఎండ పడ్డాక నత్త వదిలి బయటికొస్తాయి. చీలిన తోకతో, మిల్లీమీటరు కూడా ఉండవు, మన కంటికి ఆనవు. వాటికి ఒక్కరోజే ఆయుష్షు, ఆలోగా ఒక బాతు దొరకాలి. వెలుగున్న వైపు పైకి తేలతాయి, గాలి వాటిని ఒడ్డుకి తోస్తుంది. అక్కడేమో మోకాలి లోతులో మన పిల్లలు! తోక వదిలేసి చర్మంలో దూరతాయి, అంతే, మనిషి ఒంట్లో బతకలేక అక్కడే చస్తాయి. తప్పు అడ్రసుకి వచ్చిన పార్సిల్ లాంటివన్నమాట. వాటి మీద మన ఒళ్ళు పడే చిరాకే ఈ దురద. అందుకే మొదటిసారి పెద్దగా తెలియకపోయినా, వెళ్ళే కొద్దీ ఎక్కువవుతుంది. ఒకరి నుంచి ఒకరికి మాత్రం అంటదు, బడికి పంపొచ్చు.

మన పల్లెల్లో పశువులకి ముక్కులో గురక వ్యాధి తెచ్చేది కూడా ఈ పురుగు చుట్టమే, అదీ నత్తల మీదుగానే వస్తుంది.

ఒకప్పుడు మిషిగన్‌లో నత్తల్ని చంపడానికి మైలతుత్తం పోసేవాళ్ళు. నాకైతే అది ఎలకల కోసం ఇల్లు తగలబెట్టడమే అనిపిస్తుంది, ఆ నీళ్ళలో ఉండేవి నత్తలొక్కటేనా! మనం చేయగలిగింది వేరే ఉంది. ఒడ్డున బాతులకి బ్రెడ్డు ముక్కలు విసరడం మానండి. పిల్లలకి సరదాయే, నాకు తెలుసు, కానీ అవి అక్కడే తిష్ట వేస్తాయి. గాలి ఒడ్డుకి కొట్టే రోజున, నాచు పట్టిన లోతులేని చోట దిగొద్దు. బయటికి రాగానే తువ్వాలుతో గట్టిగా తుడవండి, వీలైతే స్నానం చేయించండి. ఒంటి మీదే ఆరనిస్తే పురుగులకి దూరడానికి తీరిక దొరుకుతుంది.

పొక్కులు వచ్చేశాయా? చల్లటి తడిగుడ్డ, కాలమైన్, లేదంటే వంటసోడా ముద్ద. వారం రోజుల్లో చాలామందికి తగ్గిపోతుంది. గోకనివ్వకండి, గోకితే పుండవుతుంది. చీము పట్టిందా, డాక్టరు దగ్గరికే పదండి.