మామునూరుకు అడ్డమైన షరతు బీదర్‌కు కాలేదేం?

బీదర్ నుంచి మామునూరుకు ఆకాశంలో దాదాపు 225 కిలోమీటర్లు. చిన్న విమానానికి ముప్పావు గంట. 1956 దాకా రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోనివే. బీదర్‌లో 2020 ఫిబ్రవరిలోనే పౌర విమానం లేచింది. నిజాం కాలం నాటి మామునూరు రన్‌వే మాత్రం అప్పటికి గడ్డి మొలిచి పడున్నది.

ఎందుకంటే శంషాబాద్ కోసం 2004లో రాసుకున్న ఒప్పందాన్ని చూపించిండ్రు. 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం రావద్దట. సరే, కొలిచి చూద్దాం. ఆకాశమార్గాన శంషాబాద్‌కు మామునూరు సుమారు 145 కిలోమీటర్లు, బీదర్ సుమారు 125. దగ్గరున్నదానికి మినహాయింపు దొరికింది, దూరమున్నదానికి దొరకలేదు! ఇదేం లెక్క సార్? బీదర్‌ది వైమానిక దళం రన్‌వే, దాని కథ వేరంటరా? రన్‌వే ఎవరిదైతేంది, షరతు కొలిచేది కిలోమీటర్లనే గదా.

ఆ షరతుకు తలూపిన సమైక్య పాలకులను తిట్టుడు న్యాయమే. కానీ 2014 జూన్ తర్వాత కుర్చీల కూసున్నది మనోళ్లే. మామునూరుకు కేంద్రం అనుమతి వచ్చింది 2025 ఫిబ్రవరి 28న. బీదర్ కన్నా ఐదేండ్లు వెనక! ఈ ఐదేండ్లకు జవాబుదారీ ఎవరో వరంగల్ నాయకులు, ఏ పార్టీ వాళ్లయినా సరే, జనం ముందుకొచ్చి చెప్పాలె.