మనసుకూ సరిహద్దేనా?

పద్నాలుగేళ్ల పిల్లాడు. మూడు నెలలుగా బడికి సరిగా వెళ్లడం లేదు. రాత్రి నిద్ర లేదు, పగలు తిండి లేదు. పలకరిస్తే విసుక్కుంటున్నాడు. తల్లి మొదట దిష్టి తీసింది. ఆ తర్వాత తాయెత్తు కట్టించింది. చివరికి ఎవరో చెబితే జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరుకు తెలుగు రాదు. తల్లికి ఆ రాష్ట్ర భాష అంతంతమాత్రం. మధ్యలో దుబాసీ ఎవరు? ఆ పిల్లాడే! తన గురించి అమ్మ చెప్పే మాటల్ని తానే డాక్టరుకు చెప్పాలి. డాక్టరు అడిగే ప్రశ్నల్ని తానే అమ్మకు వినిపించాలి. ‘నీకు ఎప్పుడైనా చచ్చిపోవాలనిపించిందా?’ అని డాక్టరు అడిగితే, అమ్మ పక్కనుండగా ఆ పిల్లాడు ఏం చెబుతాడు? ‘వాళ్ల నాన్న తాగొచ్చి కొట్టిన రోజు నుంచీ వీడిలా అయ్యాడు’ అని అమ్మ చెబితే, ఆ మాట వాడి నోటివెంట డాక్టరు దాకా చేరుతుందా? పది నిమిషాల్లో పని ముగుస్తుంది. చీటీ మీద రెండు రకాల మాత్రలు. అసలు సంగతి మాత్రం ఇంటి నుంచి ఎలా వచ్చిందో అలాగే ఇంటికి తిరిగి వెళ్తుంది.

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. బళ్లారి, హోసూరు, రాయగడ, బరంపురం, సిరోంచ... ఊరు మారితే డాక్టరు మాట్లాడే భాష మారుతుందే తప్ప తెలుగు తల్లి అవస్థ మారదు. తరాల క్రితమే అక్కడ స్థిరపడిన కుటుంబాల్లో పిల్లలు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చదువుకుంటున్నారు. ఇంట్లో అమ్మమ్మలు, నాయనమ్మలు, చాలామంది తల్లులు తెలుగులోనే బతుకుతున్నారు. రేషన్ కార్డు దగ్గర, బ్యాంకు దగ్గర పిల్లలే పెద్దలకు దుబాసీలు. అంతవరకూ ఫరవాలేదు. కానీ తన మనసు గాయాన్ని తానే అనువదించి చెప్పాల్సిన గతి ఏ బిడ్డకూ పట్టకూడదు.

జ్వరమొస్తే థర్మామీటరు చెబుతుంది. ఎముక విరిగితే ఎక్స్‌రే చూపిస్తుంది. అక్కడ భాష కొంచెం అటూ ఇటూ అయినా వైద్యం ఆగదు. మనసు సంగతి అలా కాదు. అక్కడ మాటే పరీక్ష, చాలాసార్లు మాటే మందు. ‘పిల్ల బెంగ పెట్టుకుంది’ అని తెలుగు తల్లి అంటే అందులో ఎంతో అర్థముంది. ఎవరి మీద బెంగ? హాస్టల్లో వేసినందుకా, అక్క పెళ్లయి వెళ్లిపోయినందుకా? గుండెల్లో దడ, కాళ్లూ చేతులూ ఆడకపోవడం, కడుపులో దేవినట్టుండటం... ఇవన్నీ ఒళ్లు చెబుతున్నట్టే ఉంటాయి కానీ చాలాసార్లు మనసు చెప్పే మాటలు. భాష తెలిసిన నిపుణుడు అక్కడే ఆగి మరో ప్రశ్న వేస్తాడు. తెలియనివాడు అజీర్తి మాత్ర రాస్తాడు.

సమస్య చిన్నదేమీ కాదు. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. అంటే నూరుమంది చదివే ఉన్నత పాఠశాలలో సగటున ఏడుగురు. వయసుతో సంబంధం లేకుండా చూస్తే, చాలా రకాల సమస్యల్లో పదిమంది బాధితుల్లో ఏడుగురికి పైగా చికిత్సే అందడం లేదని అదే సర్వే తేల్చింది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఇంత జరుగుతున్నా ‘పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే నలుగురూ ఏమనుకుంటారో, రేపు పిల్లకు సంబంధాలు వస్తాయో రావో’ అన్న వెనకడుగు ఇంకా పోలేదు. ఆ వెనకడుగుకు భాష అడ్డు కూడా తోడైతే ఇక గడప దాటేదెవరు?

విచిత్రమేమిటంటే, జిల్లా స్థాయిలో మానసిక వైద్యం ఎలా అందించాలో దేశానికి నేర్పింది తెలుగువారు పెద్దసంఖ్యలో ఉన్న ఒక సరిహద్దు జిల్లాయే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మైసూరులో కలిసిన బళ్లారి అది. 1980ల మధ్యలో బెంగళూరులోని నిమ్హాన్స్ అక్కడ ఒక ప్రయోగం చేసింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, మందుల్ని పల్లెకు దగ్గర చేసింది. రోగి పెద్దాస్పత్రికి పరుగెత్తడం కాదు, వైద్యమే ఊరికి రావాలన్నది దాని సారాంశం. ‘బళ్లారి నమూనా’గా పేరుపొందిన ఆ పద్ధతి ఆధారంగానే 1996లో కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. తొలి నాలుగు జిల్లాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ ఒకటి. ఇప్పుడది 700కు పైగా జిల్లాలకు విస్తరించింది. వైద్యం ఊరికి రావాలని బళ్లారి చెప్పింది. ఆ వచ్చే వైద్యం ఇంటి భాషలో రావాలన్న రెండో మాట మాత్రం ఇంకా ఎవరూ గట్టిగా చెప్పలేదు.

మరి ఇప్పుడు బిడ్డ బాధపడుతున్న తల్లిదండ్రులు ఎక్కడికెళ్లాలి? మొదటి గడప జిల్లా ఆస్పత్రే. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సామాజిక కార్యకర్త, నర్సు ఉండాలి. తాలూకా ఆస్పత్రులకు వారు ఏ రోజు వస్తారో ముందే అడిగి తెలుసుకుంటే ఒక పూట కూలి మిగులుతుంది. మాటలు ఆలస్యమైనా, చదువులో మరీ వెనకబడినా, కుదురు లేకపోయినా పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల వరకూ చూసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. అంగన్‌వాడీకి, ప్రభుత్వ బడికి వచ్చే వైద్య బృందమే ఆ పిల్లల్ని గుర్తించి జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. 10 నుంచి 19 ఏళ్ల వారికి 2014లో మొదలైన కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రత్యేక క్లినిక్కులున్నాయి. కర్ణాటకలో స్నేహ, ఒడిశాలో శ్రద్ధా, మహారాష్ట్రలో మైత్రి... పేరేదైనా పని ఒకటే.

ఇల్లు కదల్లేనివారికి ఫోనుంది. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరుపై రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయొచ్చు. సేవలందే ఇరవై భాషల్లో తెలుగూ ఉంది. ఏ రాష్ట్రంలో ఉన్నా తెలుగు కావాలని ఎంచుకోవడం మర్చిపోకూడదు. పిల్లలు హింసకు, వేధింపులకు గురవుతుంటే 1098కి చెప్పాలి. బిడ్డ ప్రాణానికే ప్రమాదమనిపిస్తే ఫోను పట్టుకుని కూర్చోకుండా, ఒంటరిగా వదలకుండా వెంటనే దగ్గరి ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

పెద్ద వైద్యం కావాలంటే హోసూరు వారికి నిమ్హాన్స్ నలభై కిలోమీటర్ల లోపే. అక్కడ పిల్లల, కిశోరుల మనోవైద్యానికి ప్రత్యేక విభాగమే ఉంది. రాయగడ, గంజాం జిల్లాల వారికి బరంపురం వైద్య కళాశాల ఉంది, తెలుగులోనే చెప్పుకోవాలంటే విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. సిరోంచ కష్టం వేరు. జిల్లా కేంద్రం గడ్చిరోలి రెండొందల కిలోమీటర్ల దూరం, వంతెన దాటితే మాత్రం కాళేశ్వరం. యానాంలో భాష అడ్డు లేదు, అక్కడ తెలుగే ఊరి భాష, ఆఫీసు భాష. అడ్డల్లా దూరమే. పాలన సాగే పుదుచ్చేరి ఎక్కడో ఉంటే పక్కనున్నది కాకినాడ. అయితే ఒక్కటి గుర్తుంచుకోవాలి. పిల్లల మనసు వైద్యం ఒక్కసారి వెళ్లొస్తే అయ్యేది కాదు. వారానికోసారో, పదిహేను రోజులకోసారో నెలల తరబడి కూర్చోవాలి. అమ్మా నాన్నా కూడా కూర్చోవాలి. ప్రతిసారీ రెండు బస్సులు మారి, కూలి పోగొట్టుకుని వెళ్లేవారెందరు? అందుకే జబ్బేదో తేల్చుకోవడానికి పెద్దాస్పత్రికి వెళ్లినా, ఆపై కొనసాగింపు ఊరికి దగ్గర్లో ఎవరు చూస్తారో అక్కడే అడిగి కాగితం మీద రాయించుకోవాలి.

ప్రైవేటుగా వెతుక్కునేవారు బోర్డు చూసి మోసపోకూడదు. మందులు రాసే అధికారం సైకియాట్రిస్టు వంటి వైద్య పట్టా ఉన్న డాక్టర్లకే. మాటలతో చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టు పేరు భారత పునరావాస మండలి రిజిస్టరులో ఉండాలి. నంబరు అడగడం తప్పు కాదు, చెప్పకపోతే అనుమానించడమూ తప్పు కాదు. పిల్లలతో ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు? తెలుగులో మాట్లాడగలరా? పిల్లాడితో ఒంటరిగా, తల్లిదండ్రులతో విడిగా మాట్లాడతారా? ఎన్నిసార్లు రావాలి, ఎంతవుతుంది? ఈ నాలుగు ప్రశ్నలకు సూటిగా జవాబిచ్చేవారిని నమ్మొచ్చు. ‘రెండు వారాల్లో పూర్తిగా నయం’ అని హామీ ఇచ్చేవారికి దూరంగా ఉండటమే మేలు. తెలుగు వచ్చిన నిపుణులు దొరక్కపోతే దుబాసీగా పెద్దవారినే పెట్టమనాలి. నర్సయినా, ఆశా కార్యకర్తయినా ఫరవాలేదు, విన్నది బయటపెట్టకపోతే చాలు. పిల్లాడిని మాత్రం దుబాసీ చేయకూడదు.

ఇదంతా దయాధర్మం కాదు. 2018 మే నుంచి అమల్లో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దీన్ని హక్కుగా ఇచ్చింది. పిల్లలకు ప్రత్యేక సేవలుండాలని, వైద్యం గురించిన సమాచారం వారికి అర్థమయ్యే భాషలో చెప్పాలని ఆ చట్టమే అంటోంది. జిల్లాలో ప్రభుత్వ సేవ లేకపోతే అదే జిల్లాలోని మరో మానసిక వైద్య సంస్థలో చికిత్స పొందొచ్చు, ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలి. విశాఖపట్నంలో ఓ కోచింగ్ విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకేసింది. నూరుమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హతగల కౌన్సిలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో ఉండాలని, అంతకన్నా చిన్నవి బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలని, సహాయ నంబర్లు అందరికీ కనిపించేలా రాసిపెట్టాలని ఆదేశించింది. తెలుగు ఊరి నుంచే మొదలైన కేసు ఇది. దాని ఫలం సరిహద్దు తెలుగు పిల్లలకు అందకపోతే అంతకన్నా అన్యాయం మరొకటి ఉండదు.

ఇక్కడే రాష్ట్రేతర తెలుగువారి సంఘాలు ఒకసారి ఆలోచించాలి. దశాబ్దాలుగా అవి తెలుగు బడి కోసం పోరాడాయి, తెలుగు పంతులు కోసం ధర్నాలు చేశాయి. పాఠ్యపుస్తకాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాయి. అవన్నీ న్యాయమైన పోరాటాలే. కానీ ఆస్పత్రిలో తెలుగు అడిగినవారెందరు? జనాభాలో 15 శాతం మాట్లాడే భాషలో ముఖ్యమైన ప్రకటనలు ఇవ్వాలన్నది భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లో 1956 నుంచీ ఉన్న మాట. అలాంటి తాలూకాల్లో మానసిక వైద్య విభాగం ముందు బోర్డు, రోగికి ఇచ్చే కాగితం తెలుగులో ఉండాలని అడగడానికి అదే ఆధారం. కౌన్సిలర్ల నియామకంలో తెలుగు వచ్చినవారికి ప్రాధాన్యం ఇవ్వాలని కలెక్టరుకు అర్జీ పెట్టొచ్చు. స్థానికంగా తెలుగులో మాట్లాడే సైకియాట్రిస్టులు, సైకాలజిస్టుల జాబితా తయారుచేసి ప్రతి బడి గోడకూ అంటించొచ్చు. ఉగాదికి వేదిక కట్టగలిగిన సంఘానికి ఇది పెద్ద ఖర్చు కాదు.

రెండు తెలుగు రాష్ట్రాల బాధ్యతా ఉంది. సరిహద్దు దాటి వచ్చే పిల్లల్ని ‘మీ రాష్ట్రంలో చూపించుకోండి’ అని తిప్పి పంపకుండా ఆస్పత్రులకు స్పష్టమైన ఆదేశాలివ్వాలి. అటువైపు డాక్టరుకు తెలుగులో సాయం కావలసినప్పుడు ఇటువైపు సైకాలజిస్టు ఫోనులో కూర్చునే ఏర్పాటు చేయాలి. ఇరు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు మాట్లాడుకుంటే అయ్యే పనే ఇది. నదీజలాల పంచాయతీ కాదు, ఏళ్లు పట్టడానికి.

తరాల క్రితం గీసిన గీతలు భూమిని పంచాయి, నీటిని పంచాయి, ఉద్యోగాల్ని పంచాయి. వాటిని ఇప్పుడెవరూ చెరపలేరు. కానీ పిల్లాడి దిగులుకూ, దాన్ని వినాల్సిన చెవికీ మధ్య కూడా ఆ గీతే అడ్డం పడుతుంటే చూస్తూ ఊరుకోవడం తగదు. వచ్చే సోమవారం జరిగే ప్రజావాణిలోనో, జిల్లా ఆస్పత్రి సలహా సంఘంలోనో ఎవరో ఒకరు లేచి ఒక్క ప్రశ్న అడగాలి: ‘ఇక్కడ మా పిల్లల మాట తెలుగులో వినేవారు ఎవరున్నారు?’ జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి.